మారుపలుకు కోటలో దొంగ పోస్టు

నవల అంతా అయిపోయింది. దొంగ ఒక్కడే మిగిలాడు.

రాష్ట్ర కిశోర సాహితీ వికాస మండలి ఆఫీసులో ఈ మాట మొదట అన్నది వకుళ. పులుసులో ఉప్పు మరిచిపోయాం అన్నంత మామూలుగా అంది. సభ్య కార్యదర్శి మార్కండేయులు గారు మాత్రం చేతిలో టీ కప్పు అలాగే బల్ల మీద పెట్టేశారు.

"మిగలడమేమిటమ్మా? రెండు వందల ఎనభై పేజీల అపరాధ పరిశోధన నవలలో దొంగ లేడా?"

"అనుమానితులున్నారు సార్. ఏడుగురు పిల్లలూ అనుమానితులే. కాకపోతే ఒక్కొక్కరూ ఆరు అధ్యాయాల్లో అనుమానితులు, ఒక అధ్యాయంలో నిర్దోషులు."

"అంటే?"

"ఎవరి జోన్ రచయిత వాళ్ళ పిల్లని తన అధ్యాయంలో విడిపించేసుకున్నారండి. సాక్షులతో సహా."

మార్కండేయులు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన సర్వీసులో ఎన్నో చూశారు. పుస్తకాలు లేని గ్రంథాలయం ప్రారంభించారు, గ్రంథాలయం లేని ఊరికి గ్రంథపాలకుణ్ణి వేశారు. దొంగ లేని దొంగతనం మాత్రం ఆయనకి ఇదే మొదలు.

ఈ నవల కథ ఏడాది కిందట మొదలైంది. ఈ కాలం పిల్లలు తెలుగు చదవడం లేదని పైవాళ్ళకు ఎవరో చెప్పారు. ఏమిస్తే చదువుతారని సర్వే చేయిస్తే మాయలు, మంత్రాలు ఉండాలన్నారు, దొంగతనం ఒకటి ఉండి దొంగ చివరి దాకా తెలియకూడదన్నారు. అన్ని ప్రాంతాల పిల్లలూ కథలో కనిపించాలని పైవాళ్ళు కలిపారు. అలా ఇరవై రెండు మార్గదర్శక సూత్రాలతో ఉత్తర్వు వచ్చింది. ఏడు జోన్ల నుంచి ఏడుగురు రచయితలు, కథలో ఏడు జోన్ల నుంచి ఏడుగురు పిల్లలు, ఒక్కొక్కరికీ ఒక్కొక్క మాయాశక్తి. ఏ అధ్యాయంలోనూ ఏ పిల్లకూ మిగిలిన వాళ్ళకన్నా ఐదు శాతానికి మించి వాక్యాలు ఎక్కువ పడకూడదు. నాలుగో జోన్ అమ్మాయి శక్తి మౌనం. పాపం ఆ పిల్ల కూడా ఒక్కొక్క అధ్యాయంలో నలభై ఒక్క వాక్యాల పాటు మౌనంగా ఉండాల్సి వచ్చింది.

కాలహరణం కాకుండా ఏడు అధ్యాయాలూ ఒకేసారి రాయించారు. దీనికి సమాంతర రచన అని పేరు పెట్టారు. రెండో అధ్యాయం రాసే ఆయనకి మొదటి అధ్యాయంలో ఏం జరిగిందో తెలియదు. అక్కర్లేదన్నారు. అతుకులు వెయ్యడానికి వకుళ ఉంది కదా.

వకుళ మండలిలో ప్రూఫ్ రీడరు. ఇరవై ఆరేళ్ళుగా ఎర్ర కలం పట్టుకుని ఊరగాయల పుస్తకాల దగ్గర్నుంచి ఉపన్యాస సంకలనాల దాకా దిద్దిన మనిషి. ఉత్తర్వులో ఆవిడ పేరు లేదు. "అధ్యాయ సంధానం కార్యాలయ స్థాయిలో చేపట్టవలెను" అని ఒక వాక్యం ఉంది. ఆ కార్యాలయ స్థాయి వకుళే.

కథ ఇదీ. కొండ మీద మారుపలుకు కోట. అక్కడ నిలబడి ఏం పలికినా అది కొండల్లో తిరిగి మళ్ళీ చెవిని పడుతుంది. ఆ కోటకున్న సంపదంతా ఆ ప్రతిధ్వనే. ఒక రోజు పొద్దున రాజు గారు లేచి "ఆహా" అంటే ఆ ఆహా తిరిగి రాలేదు. ఎవరో దొంగిలించారు. ఏడుగురు పిల్లలు వెతకడానికి బయలుదేరారు. వాళ్ళతో రెండు తలల గండభేరుండం ఒకటి. దాని కుడి తల రెండో జోన్‌ది, ఎడమ తల ఆరో జోన్‌ది. ఆ రెండు తలలకూ వాక్యాల లెక్క దగ్గర తగువొచ్చి, మూడో అధ్యాయంలో అది ఎటూ ఎగరలేక గాలిలోనే ఆగిపోయింది.

వకుళ అన్నీ చదివింది. పిల్లలు కొండెక్కారు, అగాధాలు దాటారు, మేఘాల మీద పరుగెత్తారు. కథలో నలభై రోజులు గడిచాయి. ఆవిడ కలం మూడో అధ్యాయం మధ్యలో ఆగిపోయింది.

"వీళ్ళు తిన్నదెప్పుడు?" అనుకుంది.

వెనక్కి తిప్పింది. మొదటి అధ్యాయంలో తెల్లవారుజామున ప్రమాణం చేశారు గానీ ఏమీ తినలేదు. ముందుకి తిప్పింది. ఏడో అధ్యాయంలో విజయం సాధించారు గానీ అప్పుడూ తినలేదు. నలభై రోజులు ఏడుగురు పసివాళ్ళు గుక్కెడు గంజి కూడా లేకుండా మాయలు చేస్తున్నారు. అతుకు పేరుతో అక్కడ రెండు వాక్యాలు రాసింది.

"అంతలో వంట చిట్టెమ్మ గిన్నె దించింది. 'తిన్నారా?' అని అడిగి అందరికీ ఉప్మా పెట్టింది."

ఆ తర్వాత ప్రతి అధ్యాయంలోనూ రెండేసి వాక్యాలు చేర్చింది. ఒక చోట రాగి సంకటి, ఒక చోట పెరుగన్నం, వాన కురిసిన చోట వేడి వేడి మిరియాల చారు. చిట్టెమ్మ మాట్లాడేది ఎప్పుడూ ఒక్కటే, "తిన్నారా?" అని. రచయితలెవరూ గమనించలేదు. వాళ్ళు తమ జోన్ పిల్లల వాక్యాలు లెక్కపెట్టుకోవడంలో ఉన్నారు.

దొంగను తేల్చడానికి మండలి సర్వసభ్య సమావేశం పెట్టారు.

మార్కండేయులు గారు లేచి గొంతు సవరించుకున్నారు. "మార్గదర్శక సూత్రం తొమ్మిది ప్రకారం నవలలో దొంగ ఉండితీరవలెను. సూత్రం నాలుగు ప్రకారం ఏ జోన్‌కు చెందిన పాత్రనూ ప్రతికూలంగా చిత్రించరాదు. ఈ రెండు సూత్రాలకూ భంగం కలగకుండా దొంగ పోస్టును భర్తీ చేయుటకు ఏ జోన్ అయినా స్వచ్ఛందంగా ముందుకు రావలసిందిగా కోరుచున్నాను."

హాలంతా మౌనం. నాలుగో జోన్ అమ్మాయి శక్తి అందరికీ వచ్చేసినట్టుంది.

ఆయన జాబితా చూశారు. "ఏడో జోన్. ఓబులేశు గారూ, మీ పిల్లవాడు రాత్రిళ్ళు గోడలు దాటతాడని రాశారు..."

ఓబులేశు కుర్చీలోంచి లేచాడు. "ఏంది సార్, మీరు చెప్పేది? గోడలు దాటితే దొంగయిపోతాడా? ఆ పిల్లోడు దాటేది వాళ్ళవ్వకి మందు తెచ్చేదానికి సార్! యాడ ఏం పోయినా మా జోనోడే చేసినాడంటారా? ఈ మాట మావూర్లో తెలిస్తే నన్ను బస్టాండులో దిగనీరు."

"పోనీ ఒకటో జోన్? పైడిరాజు మాస్టారూ?"

"మావోడా?" అన్నారు పైడిరాజు మాస్టారు. "మావోడేటి, దొంగతనమేటి బాబూ? ఆ రోజు ఆడికి జొరం. ఆసుపత్రిలో ఉన్నాడని డాట్రు సీటీ కూడా పెట్టేను కదా, యాబై మూడో పేజీలో. సూడండి, ముద్దర కూడా ఏసుంది."

నిజంగానే వేసి ఉంది. కల్పిత వైద్యుడు, కల్పిత ముద్ర.

మూడో జోన్ భ్రమరాంబ గారు అడక్కుండానే అందుకున్నారు. "మా పిల్ల వంక చూడకండి బాబూ! మొసలి మీద కూర్చుని వెళ్ళే పిల్లకి దొంగతనం చేసే తీరికెక్కడుందండీ? మొసలిని చూసుకోవద్దా?"

"అయితే రాజు గారు?"

"ఆయన ఐదో జోన్ అండి," అని గోడ పక్క నుంచి ఒక గొంతు. "అభ్యంతరం నమోదు చెయ్యండి."

"పోనీ ఆరో అధ్యాయంలో వచ్చే అదృశ్య మాంత్రికుడు?"

"కనబడకపోయినంత మాత్రాన మా జోన్ కాకుండా పోతాడా సార్?" అని ఇంకో గొంతు.

గంటన్నర గడిచింది. దోషాన్ని ఏడు భాగాలు చేసి సమానంగా పంచుదామని ఒకరన్నారు. ప్రతిధ్వనిలో ఏడో వంతు ఎంతో తేల్చడానికి ఉపసంఘం వెయ్యాలన్నారు. ఆ ఉపసంఘానికి అధ్యక్షుడు ఏ జోన్ నుంచి ఉండాలో తేలక ఆ సంగతి వదిలేశారు.

అప్పుడు సూపరింటెండెంటు ఖాదర్ వలీ దస్త్రంలోంచి తల పైకెత్తాడు. మండలిలో రూల్సు అన్నీ కంఠతా వచ్చిన మనిషి అతనొక్కడే. పదేళ్ళ కిందటి సర్క్యులరు తేదీ కూడా తడుముకోకుండా చెబుతాడు.

"సార్, ఈ చిట్టెమ్మ ఎవరండి?"

"ఏ చిట్టెమ్మ?"

"వంట చేస్తంది సార్, ప్రతి అధ్యాయంలో. ఏ జోనో రాయలేదు. ఊరి పేరు లేదు. 'తిన్నారా' తప్ప ఇంకో మాట లేదు, యాసని బట్టి తేలుద్దామన్నా కుదర్దు. రికార్డు ప్రకారం ఈమెది ఏ జోనూ కాదండి."

అందరూ ఒక్కసారి రాతప్రతులు తిరగేశారు. నిజమే. గంటన్నరలో తేలనిది అర నిమిషంలో తేలిపోయింది. ఏ జోన్‌కూ అభ్యంతరం లేదు. ఏడు చేతులూ లేచాయి. గండభేరుండం తరపున మరో రెండు లేచాయి.

"ఏకగ్రీవం!" అన్నారు మార్కండేయులు గారు సంతోషంగా. "చిట్టెమ్మ అనబడు వంటమనిషి ప్రతిధ్వనిని అపహరించినట్లు మండలి నిర్ణయించడమైనది. చివరి అధ్యాయం ఏ జోన్ రచయిత రాసినా పక్షపాతం అంటారు కనుక దానిని కార్యాలయ స్థాయిలో..."

అందరూ వకుళ వైపు చూశారు.

"ఆవిడ చెయ్యలేదండీ," అంది వకుళ.

"చెయ్యలేదని ఎలా చెప్పగలవమ్మా?"

"ఆవిడకి తీరికేదండీ? ఏడుగురికి మూడు పూటలా వండుతోంది."

"తీరిక లేదనుట ఆధారం కాదు," అన్నారు మార్కండేయులు గారు. "పది రోజుల్లో అధ్యాయం రావాలి."

ఇంటికి వెళ్ళి వకుళ పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగి పోయేదాకా చూస్తూ నిలబడింది.

ఆవిడ ఎనిమిదో తరగతి బాలికల వసతి గృహంలో చదివింది. అక్కడ వంట చేసేది సూరమ్మ. రెండోసారి అన్నం అడగడానికి సిగ్గుపడే పిల్ల ఎవరో సూరమ్మకి తెలుసు. ఆ పిల్ల కంచంలో మొదటిసారే రెండు సార్ల అన్నం పెట్టేది. ఆ పిల్ల వకుళ. ఒక పొద్దున వంటింట్లో ఇత్తడి గంగాళం కనబడలేదు. సూరమ్మే తీసిందని వార్డెనమ్మ తేల్చేసింది. సూరమ్మ చేతిసంచి తీసుకుని గేటు దాటి వెళ్ళిపోయింది. ఆ పొద్దున్నే గంగాళాన్ని సైకిలుకి కట్టుకుని వెళ్తున్న కళాయి పూసే సాయిబుని వకుళ చూసింది. దాన్ని ఇచ్చి పంపింది వార్డెనమ్మ భర్తేనని కూడా చూసింది. పిల్లల్ని ఎవరూ అడగలేదు. అడగలేదు కదా అని వకుళా చెప్పలేదు. నాలుగో రోజున గంగాళం తళతళా మెరుస్తూ తిరిగి వచ్చింది. సూరమ్మ రాలేదు.

నలభై ఏళ్ళ తర్వాత చిట్టెమ్మ గిన్నె దించి "తిన్నారా?" అని అడిగినప్పుడు, అడిగిందెవరో వకుళకి తెలుసు. ఇప్పుడు ఆవిణ్ణి తన చేతులతోనే రెండోసారి దొంగని చెయ్యాలి.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళగానే ఖాదర్ వలీ బల్ల ముందు నిలబడింది.

"వలీ గారూ, చిట్టెమ్మకి ఏదో ఒక జోన్ ఉంటే?"

"అప్పుడు నాలుగో సూత్రం అడ్డమొస్తదమ్మా. ఆమెని దొంగని చెయ్యడానికి లేదు." అతను ఒక క్షణం ఆలోచించాడు. "స్థానికత సర్టిఫికెట్టు తెండి. కాగితం ఉంటే పెడతా."

వకుళ తహసీల్దారు ఆఫీసుకి వెళ్ళింది. వరసలో రెండు గంటలు నిలబడ్డాక కిటికీలో ఒక అమ్మాయి కనబడింది. ఆ అమ్మాయి తలెత్తకుండా అడిగింది.

"ఎవరికండీ?"

"చిట్టెమ్మ అనే ఆవిడకమ్మా."

"ఆమె రాలేదా?"

"లేదు. ఆవిడ నవలలో ఉంటుంది."

"ఏ మండలం అది?"

వకుళ మొత్తం విషయం చెప్పింది. ఆ అమ్మాయి ఆశ్చర్యపోలేదు. అలాంటి దరఖాస్తులు రోజూ పది వస్తాయన్నట్టు ఫారం బయటికి తీసింది.

"నాలుగు నుంచి పది దాకా ఎక్కడ చదివింది?"

"చదువుకోలేదు."

"చదవకపోతే ఏడేళ్ళు వరసగా ఒకచోట ఉన్నట్టు రుజువు కావాలి. కరెంటు బిల్లు ఉందా?"

"కొండ మీద పొయ్యి దగ్గర ఉంటుందమ్మా."

"గ్యాస్ కనెక్షను?"

"కట్టెల పొయ్యి."

ఆ అమ్మాయి ఫారం మీద అడ్డంగా గీత కొట్టింది. "కుదరదండి."

"అసలు మనిషే లేదని కుదరదంటున్నావా?"

"అయ్యో, అది కాదండీ. మనిషి ఉందా లేదా అన్నది మాకు అక్కర్లేదు. కాగితం లేదు."

వకుళ కిటికీ పట్టుకుని నిలబడింది. "పోనీ ఆవిడ నా మనిషి అని రాసిస్తాను. నా జోన్‌లో వెయ్యి."

"మీరెక్కడ చదివారు?"

వకుళ చెప్పింది. నాన్న రైల్వేలో పాయింట్స్‌మన్. నాలుగు, ఐదు ఒక ఊళ్ళో. ఆరు, ఏడు ఇంకో ఊళ్ళో. ఎనిమిది వసతి గృహంలో. తొమ్మిది, పది ఇంకెక్కడో. ఆ అమ్మాయి వేళ్ళ మీద లెక్కపెట్టింది.

"మూడు జోన్లు అయ్యాయండి. ఎక్కడా కావలసిన నాలుగేళ్ళు లేవు. మీరు కూడా స్థానికేతరులే."

"నేనా? ఈ ఊళ్ళో ముప్పయ్యేళ్ళుగా ఉంటున్నానమ్మా!"

"ఉంటే ఉన్నారు. చదవలేదు కదా." ఆ అమ్మాయి జాలిపడింది. "ఊరికే పంపడం ఎందుకని, తిరస్కరించినట్టు కాగితం ఇస్తాను. అదన్నా ఉంచుకోండి."

వకుళ ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. చిట్టెమ్మని తప్పించే దారులన్నీ మూసుకుపోయాయి. ఇక రాయడమే మిగిలింది.

రాయడానికి కూర్చున్నాక ఆవిడకి ఒకటి తట్టింది. సూరమ్మని దొంగ అన్నారు గానీ, ఎందుకు తీశావని ఒక్కరూ అడగలేదు. కనీసం చిట్టెమ్మనైనా అడగాలి. అందుకని చివరి అధ్యాయంలో పిల్లలు చిట్టెమ్మ చుట్టూ కూర్చుని అడిగారు, ఎందుకు తీశావని.

చిట్టెమ్మ మొదటిసారి రెండో మాట మాట్లాడింది.

"తీశాను నాయనా. ఉప్పు జాడీలో పెట్టి మూత బిగించాను. ఇన్నాళ్ళూ ఈ కోటలో ఎవరు పలికింది వాళ్ళే విన్నారు. రాజు గారు ఆహా అంటే ఆయన ఆహాయే ఆయనకి వినబడేది. నేను తిన్నారా అని అడిగితే, తిన్నారా అని నాకే వినబడేది. తిన్నామని చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. అది పోయాకే మీరు ఒకళ్ళనొకళ్ళు పేరు పెట్టి పిలుచుకున్నారు. కావాలంటే జాడీ తెచ్చి ఇస్తాను. ముందు చెప్పండి. తిన్నారా?"

"తిన్నాం," అన్నారు ఏడుగురూ. మౌనం శక్తిగా ఉన్న పిల్ల కూడా అంది. ఆ పిల్లకి ఆ అధ్యాయంలో ఒక వాక్యం ఎక్కువే పడింది. వకుళ దిద్దలేదు.

సూత్రం ఇరవై ఒకటి ప్రకారం అచ్చుకు ముందు నవలని పాఠశాలల్లో పిల్లలతో చదివించాలి. చదివించారు. నాలుగు వందల ముప్పై మంది పిల్లలు ఫారాలు నింపారు. మీకు నచ్చిన పాత్ర ఏది అన్న ప్రశ్నకు నాలుగు వందల పదకొండు మంది చిట్టెమ్మ అని రాశారు. తక్కిన పంతొమ్మిది మందీ గండభేరుండం ఎడమ తల అన్నారు.

ఆ ఫారాల సంగతి ఎలా పొక్కిందో గానీ, వారం తిరక్కుండా మండలి ఆఫీసు ముందు ఓబులేశు ఆటో దిగాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితం.

"ఖాదరన్నా, చిట్టెమ్మ మా మనిషి. ఇదిగో సర్టిఫికెట్టు. నాలుగో అధ్యాయంలో రాగి సంకటి కెలికింది చూసినావా? సంకటి అట్ల కెలికే చెయ్యి యాడిదో నీకు తెలీదా?"

మధ్యాహ్నానికి పైడిరాజు మాస్టారు వచ్చారు. "ఏటీ, సంకటి సేసినంత మాత్రాన అయిపోద్దేటి? వానలో మిరియాల సారు కాసింది సూడండి. మా అమ్మ అచ్చం అలాగే కాసీది. చిట్టెమ్మ మా ఈదిలోదే. కాయితం కూడా అట్టుకొచ్చేను."

భ్రమరాంబ గారు సాయంత్రం కారులో దిగారు. ఆవిడ తెచ్చిన సర్టిఫికెట్టులో చిట్టెమ్మ తండ్రి పేరు, ఇంటి నంబరు కూడా ఉన్నాయి. "మా మేనత్త వరసండీ ఆవిడ నాకు," అన్నారు, కళ్ళు ఒత్తుకుంటూ.

మరో రెండు రోజుల్లో ఏడు సర్టిఫికెట్లూ వచ్చేశాయి. చదువు లేని, బిల్లు లేని, గ్యాస్ లేని చిట్టెమ్మ ఏడు ఊళ్ళలో పుట్టి, ఏడు చోట్లా వరసగా ఏడేళ్ళు నివసించినట్టు ఏడుగురు తహసీల్దార్లు సంతకాలు చేశారు. వకుళ వాటిని ఒక్కొక్కటీ చదివింది. అలవాటు కొద్దీ మూడు అచ్చుతప్పులు దిద్దింది.

రెండో సర్వసభ్య సమావేశంలో మార్కండేయులు గారి ముఖం పాలిపోయి ఉంది.

"మండలి విషమ పరిస్థితిలో ఉన్నది. చిట్టెమ్మ గారు..." అప్పటికి ఆవిడ గారు అయింది. "చిట్టెమ్మ గారు ప్రస్తుతం ఏడు జోన్లకూ చెందినవారు. కావున ఆమెను దొంగగా చూపుట సూత్రం నాలుగును ఏడుసార్లు ఉల్లంఘించుట అగును. పుస్తకం ముద్రణలో ఉన్నది. సోమవారం ఆవిష్కరణ. దొంగ పోస్టు మళ్ళీ ఖాళీ."

"మా చిట్టెమ్మని దొంగంటే ఊరుకునేది లేదు," అన్నాడు ఓబులేశు.

"మీ చిట్టెమ్మేటి?" అన్నారు పైడిరాజు మాస్టారు.

పొరుగు రాష్ట్రం నుంచి డెప్యుటేషన్ మీద ఒక దొంగని తెప్పిద్దామన్నారు ఒకరు. లేఖ వెళ్ళి జవాబు వచ్చేసరికి ఏడాది పడుతుందన్నాడు ఖాదర్ వలీ. దొంగ పేరు చోట చుక్కలు పెట్టి "త్వరలో భర్తీ చేయబడును" అని అచ్చు వేద్దామన్నారు ఇంకొకరు. ప్రతిధ్వని అసలు పోలేదని, రాజు గారికే చెవుడొచ్చిందని రాద్దామన్నారు మరొకరు. ఐదో జోన్ ఆయన కుర్చీ వెనక్కి తోసి లేచి నిలబడ్డారు.

అప్పుడు వకుళ లేచింది. సమావేశాల్లో ఆవిడ లేవడం అదే మొదటిసారి. నీళ్ళ గ్లాసులు అందించడానికి లేచిందనుకుని ఒకరిద్దరు చెయ్యి చాపారు కూడా.

"నేను తీశాను సార్," అంది.

"ఏం తీశావమ్మా?"

"ప్రతిధ్వని. ఉప్పు జాడీలో పెట్టింది నేనే. చిట్టెమ్మ వండుతుంటే ఆ జాడీ అక్కడ పెట్టిందీ నేనే, మూత బిగించిందీ నేనే. అంతా నా చేతి రాతే కదండీ. చూసుకోండి."

మార్కండేయులు గారు ఖాదర్ వలీ వైపు చూశారు.

"రూలు ఒప్పుకుంటుందా?"

ఖాదర్ వలీ వకుళ వైపు చెయ్యి చాపాడు. ఆవిడ సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసి ఇచ్చింది. అతను దాన్ని విప్పి రెండుసార్లు చదివాడు.

"శుభ్రంగా ఒప్పుకుంటది సార్. ఈమె ఏ జోనూ కాదని తహసీల్దారు ఆఫీసు వాళ్ళే రాసిచ్చారు. అభ్యంతరం చెప్పేవాళ్ళు ఎవరూ లేరు." తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "అమ్మా, ఒకసారి ఆలోచించుకోండి. సర్వీసు రిజిస్టర్లో పడుద్ది. 'ప్రతిధ్వని అపహరణ' అని. రిటైరయ్యేదాకా ఉంటది."

"ఉండనివ్వండి వలీ గారూ."

ఏడు చేతులూ లేచాయి. ఈసారి గండభేరుండం చేతులు లెక్కపెట్టలేదు.

"మండలి మీ సహకారాన్ని అభినందిస్తున్నది," అన్నారు మార్కండేయులు గారు, నుదురు తుడుచుకుంటూ. "మీరేమైనా చెప్పదలిస్తే..."

"ఒకటే సార్. పుస్తకం మొదటి పేజీలో ఒక వాక్యం అచ్చు వెయ్యాలి. మీ సంతకంతో."

"ఏమని?"

"వంటమనిషికి ఈ దొంగతనంతో ఏ సంబంధమూ లేదని."

"అంతేనా? పేరు వద్దా? చిట్టెమ్మ అని?"

"వద్దు సార్. వంటమనిషి అని చాలు."

ఆ రాత్రే వకుళ చివరి పేజీలు తిరగరాసి ప్రెస్సుకి పంపింది. సోమవారం ఆవిష్కరణ బ్రహ్మాండంగా జరిగింది. వేదిక మీద ఏడుగురు రచయితలకీ ఏడు శాలువాలు కప్పారు. చిట్టెమ్మ పేరు మీద ఏడు జోన్ల వంటకాలతో విందు పెట్టారు. వండినవాళ్ళని ఎవరూ వేదిక మీదకి పిలవలేదు. వకుళ వెనక వైపు వెళ్ళి, గరిటెలు కడుగుతున్న ఇద్దరు ఆడవాళ్ళని "తిన్నారా?" అని అడిగింది. ఇంకా లేదమ్మా అన్నారు. ముగ్గురూ కలిసి అక్కడే కూర్చుని తిన్నారు.

నెల తర్వాత మండలి చిరునామాకి ఒక పోస్టుకార్డు వచ్చింది. రాసింది బాలికల వసతి గృహంలో ఎనిమిదో తరగతి చదివే పిల్ల, పేరు పొన్నగంటి హంసలేఖ.

"దొంగ గారికి నమస్కారం. చివరి పేజీలో మీరు ఎర్ర కలంతో కోటలోకి వచ్చి ఒప్పుకుంటే మా హాస్టల్లో అందరూ ఆశ్చర్యపోయారు. నేను పోలేదు. మూడో అధ్యాయంలోనే నాకు మీ మీద అనుమానం వచ్చింది. అక్కడ అందరూ గాలిలో ఎగురుతున్నారు, ఎవ్వరికీ ఆకలి వెయ్యడం లేదు. అయినా ఎవరో వచ్చి ఉప్మా పెట్టి వెళ్ళారు. రాసేవాళ్ళు మరిచిపోయిన ఆకలి ఇంకెవరికో గుర్తుందని అప్పుడే అనుకున్నాను. ఒక్క సందేహం. జాడీలో ఉప్పు వాడాలంటే రోజూ మూత తియ్యాలి కదా? మరి ప్రతిధ్వని బయటికి పోలేదా? మా వంట పెద్దమ్మని అడిగితే, ఉప్పు కావలసినంత ముందే తీసి పక్కన పెట్టుకుంటారే పిచ్చిదానా అంది. అంతేనా?"

వకుళ ఆ కార్డు నాలుగుసార్లు చదివింది. దిద్దవలసినదేమీ కనబడలేదు. జవాబు రాసి ఖాదర్ వలీ బల్ల మీద పెట్టింది. "అంతే తల్లీ. మీ పెద్దమ్మకి తెలిసినంత ఈ కోటలో ఎవరికీ తెలియదు. ఆవిడ భోజనం చేసిందో లేదో అడుగు."

"బయటికి వెళ్ళే ఉత్తరానికి ఫారం ఉండాలమ్మా," అన్నాడు అతను, ఒక కాగితం ముందుకి జరుపుతూ. "పేరు, జోను, హోదా రాయండి."

పేరు దగ్గర వకుళ అని రాసింది. జోను గడి ఖాళీగా వదిలేసింది. హోదా అన్న చోట కలం ఒక్క క్షణం ఆపి, గుండ్రటి అక్షరాలతో, ఎర్ర సిరాతో, "దొంగ" అని రాసింది.

ఖాదర్ వలీ దాన్ని చూశాడు, రూల్సు తలుచుకున్నాడు, ముద్ర వేశాడు.